వంటింటి గోడ వైపు తిరిగిన ఫోను

షాపు తెరవగానే చిన్నది చేసే మొదటి పని గాజుబల్ల తుడవడం. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, ఆ తర్వాత చిటికెడు పౌడర్. పసిపిల్లల వీపుకి రాసినట్టు అరచేత్తో బల్లంతా మెత్తగా రాస్తుంది. పౌడర్ ఎక్కువైతే ఫోను జారి కింద పడుతుంది. తక్కువైతే కదల్లేక మొరాయిస్తుంది. అందుకే షాపులో ఆమెకి పౌడరమ్మాయి అని పేరు పడిపోయింది. ఇంట్లో మాత్రం పుట్టినప్పట్నుంచీ చిన్నదే.

ఊళ్ళో అన్నిటికంటే ఖరీదైన ఫోన్లమ్మే షాపు అది. ఒకే కంపెనీ ఫోన్లు, వేరేవి కనపడవు. చిన్నదానిది ఎక్స్‌ఛేంజ్ కౌంటరు. పాతది ఇచ్చి కొత్తది తీసుకునేవాళ్ళు ముందు తన దగ్గరికే రావాలి. పాత ఫోను బల్ల మీద పెట్టేసి, కొత్తదాని ముచ్చట్లో పడి, బిల్లింగు వైపు నడుస్తారు. వాళ్ళు నాలుగడుగులు వేసేసరికి బల్ల మీద ఫోను మెల్లగా కదులుతుంది. తల అటు తిప్పుకుంటుంది. వాళ్ళు ఎడమకి వెళితే ఎడమకి, కుడికి వెళితే కుడికి.

ఆ కంపెనీ ఫోన్లన్నీ అంతే. ప్రేమగా పట్టుకున్న చెయ్యి ఎటుంటే అటు తిరుగుతాయి. చవక ఫోన్లకి ఆ గుణం లేదు. "అందుకే కదండీ మన రేటు ఆ రేటు" అని సేల్స్ కుర్రాళ్ళు చెప్పుకుంటారు. కొనేవాళ్ళు కూడా అది చూసుకునే కొంటారు, ఒకసారి ఈ కంపెనీకి అలవాటు పడ్డవాళ్ళు ఇంకో కంపెనీ గుమ్మం తొక్కరు. తీరా పాతది మార్చే రోజున మాత్రం, బల్ల వైపు చూడకుండా తొందరగా వెళ్ళిపోతారు.

ఫోను తిరగడం మానేసేదాకా కాచుకుని కూర్చోవడమే చిన్నదాని ఉద్యోగం. మానేసిందంటే మర్చిపోయినట్టు. అప్పుడే లోపలిదంతా చెరిపి డబ్బాలో సర్దాలి. ముందే చెరిపేస్తే అది ఎవరి చేతిలోనూ కుదురుగా ఉండదు, జేబులోంచి జారిపోతూ ఉంటుంది. కొన్ని ఫోన్లు టీ తాగొచ్చేలోపు మర్చిపోతాయి. కొన్ని వారం తిప్పలు పెడతాయి. మొన్నొక పెద్దమనిషి ఫోనయితే ఆయన వైపు తల కూడా తిప్పలేదు, వెంట వచ్చిన మనవరాలి వైపు తిరిగింది. "గేములాడేది అదే కదండీ" అని ఆయన నవ్వేశాడు గానీ, వెళ్ళేటప్పుడు మనసు కాస్త చిన్నబుచ్చుకున్నట్టే ఉన్నాడు.

ఇవన్నీ చూసీ చూసీ చిన్నదానికి ఆశ్చర్యం పోయింది. ఒక్క ఫోను విషయంలో తప్ప. అది షాపులో లేదు. ఇంట్లో భోజనాల బల్ల మీద, ఒక పళ్ళెంలో, పౌడర్ మీద ఉంది. అక్క ఫోను.

*

ఆ షాపులో ఒకప్పుడు నాన్న పెద్ద సేల్స్‌మన్. రిటైరయ్యి చాలా కాలమైనా "మన కంపెనీ" అనడం మానలేదు. ఇంట్లో వేరే కంపెనీ చార్జరు కనిపించినా చీపురుతో ఊడ్చేసే రకం. కూతుళ్ళిద్దరికీ ఒకే మోడలు, ఒకే రంగు ఫోన్లు కొనిచ్చాడు. తేడా చూపిస్తే కొట్టుకుంటారని.

అలాంటి ఇంట్లో అక్కకి ఉద్యోగం పోటీ కంపెనీలో వచ్చింది.

"ఇన్ని కంపెనీలుండగా వాళ్ళ దగ్గరే దొరికిందా నీకు?" అన్నాడు నాన్న.

"వాళ్ళే ఇచ్చారు నాన్నా. మీ కంపెనీకి ఎన్నిసార్లు పెట్టుకున్నా జవాబే లేదు."

"మీ కంపెనీ అంటోంది, విన్నావా? నిన్నటిదాకా మన కంపెనీ" అన్నాడు అమ్మతో.

"నన్ను మధ్యలోకి లాగకండి. నాకు రెండూ మోగుతాయంతే తెలుసు" అంది అమ్మ.

అక్కడితో ఆగిపోవాల్సిన మాట. ఆగలేదు. వాళ్ళ ఫోన్లకి మనుషులంటే లెక్కలేదని నాన్న, మీకు మనుషులకంటే ఫోన్లే ఎక్కువని అక్క. చివరికి నాన్న ఆ మాట అనేశాడు. "సరే పో. కానీ వాళ్ళ ఫోను చేత్తో పట్టుకుని మాత్రం ఈ గడప తొక్కకు."

"తొక్కను" అంది అక్క.

బ్యాగు భుజాన వేసుకుని, చార్జింగులో ఉన్న రెండు ఫోన్లలో ఒకటి లాగి వెళ్ళిపోయింది. కోపంలో ఏది ఎవరిదో చూసుకోలేదు. అక్క పట్టుకెళ్ళింది చిన్నదాని ఫోను. ఇక్కడ మిగిలింది అక్క ఫోను. చిన్నది తన నంబరుకి తనే ఫోను చేసింది, మొదటి వారమంతా. మోగేది, ఎత్తేది కాదు. తర్వాత ఆ నంబరే పనిచెయ్యలేదు. అక్క ఏ ఊళ్ళో ఉందో, ఎలా ఉందో చెప్పేవాళ్ళు లేరు.

బల్ల మీది ఫోను మాత్రం చెప్పేది. మొదటి రోజే అది గిర్రున తిరిగి, వంటింటి గోడ వైపు తల పెట్టుకుని ఆగింది.

అప్పట్నుంచి మూడేళ్ళుగా ఆ ఇల్లు ఆ గోడ వైపే బతుకుతోంది. ఫోను ఎవరూ ఒట్టి చేత్తో ముట్టుకోరు. ముట్టుకుంటే వాళ్ళకి అలవాటు పడి అక్కని మర్చిపోతుందని భయం. చార్జింగు పెట్టాలన్నా చిన్నది రుమాలు చుట్టి పట్టుకుంటుంది. వంటింటి గోడకి ఉన్న ఫ్రిజ్‌ని అమ్మ ఇవతలికి జరిపించింది. "గోడలే అడ్డం కానప్పుడు ఫ్రిజ్ అడ్డమా అమ్మా?" అని చిన్నది అడిగితే, "ఏమో, ఎందుకొచ్చిన గొడవ, దాని దారిన దాన్ని చూడనీ" అంది. పొద్దున్నే కాఫీ కలుపుతూ ఫోను వంక చూసి వార్తలు చెప్పేది. "ఇవాళ కాస్త కిటికీ వైపు జరిగింది. ఇల్లు మారిందేమో." "నిన్నట్నుంచీ కదల్లేదు. జ్వరమేమో."

నాన్న ఆ మాటలు విననట్టే ఉండేవాడు. కానీ ఆయన కుర్చీ ఉంది చూశారూ, అది రోజుకింత చొప్పున జరిగి జరిగి, ఏ నెలలోనో పూర్తిగా వంటింటి గోడకి ఎదురుగా వచ్చేసింది.

"గోడకేసి చూస్తూ కూర్చుంటారేంటి, టీచరు నిలబెట్టిన పిల్లాడిలా?" అనేది అమ్మ.

"ఇటు గాలి బాగుంది" అనేవాడు.

గోడలోంచి గాలేంటని ఎవరూ అడగలేదు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చిన్నది ఆ ఫోనుని రుమాల్లో చుట్టుకుని, పౌడర్ డబ్బా బ్యాగులో వేసుకుని బస్సెక్కింది. చివరి స్టాపులో దిగి, బెంచీ మీద పౌడర్ చల్లి పెట్టింది. ఫోను ఇంకా ముందుకే చూస్తోంది. ఇంకో బస్సుంది, ఖాళీగానే ఉంది. కానీ ఎక్కలేదు. తీరా వెళ్ళాక అక్క తలుపు తీసి "ఎందుకొచ్చావ్?" అంటే? ఆ ఒక్క మాట చిన్నది తట్టుకోలేదు. ఫోను తిరుగుతున్నంత కాలం అక్క ఎక్కడో ఉంది, తను ఎప్పుడైనా వెళ్ళొచ్చు. ఆ ఎప్పుడైనా అన్నది గుండెల్లో పెట్టుకునే ఇన్నాళ్ళు బల్ల మీద పౌడర్ రాస్తూ గడిపేసింది. ఎదురుగా తిరిగే ప్రతి ఫోనూ తనని చూసి నవ్వుతున్నట్టే ఉండేది.

*

కొత్త మోడలు వస్తోందని ఆ మధ్యనే మేనేజర్ అందరినీ పోగేశాడు.

"ఈసారి వచ్చేది మామూలు ఫోను కాదు. ఇది ఎవరివైపూ తిరగదు" అన్నాడు.

సేల్స్ కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "తిరగకపోతే ఇక మనదేం గొప్ప సార్?"

"ఇన్నాళ్ళూ ఫోను కస్టమర్‌కి నమ్మకంగా ఉంది. కస్టమర్ ఏమో పాత ఫోనుకి నమ్మకంగా ఉంటున్నాడు. మార్చాలంటే మనసొప్పట్లేదు, ఏళ్ళ తరబడి అదే వాడుతున్నాడు. మరి కంపెనీకి నమ్మకంగా ఉండేదెవరు? పై వాళ్ళు బాగా ఆలోచించారు. ఇకనుంచి హాయిగా కొనుక్కోవచ్చు, హాయిగా ఇచ్చేయొచ్చు. ముందు ముందు ఖరీదైన ఫోనంటే ఇదే."

"పాతవి?" అంది చిన్నది.

"వాటికీ అంతే. కొత్తది వచ్చిన రోజు సాయంత్రం, వీధిలైట్లు వెలిగే వేళకి, పాతవి కూడా తిరగడం మానేస్తాయి."

"నెట్ లేకుండా పక్కన పెట్టినవయినా?"

"ఏవయినా."

"అదెలా సార్?"

"ఎలా తిరిగాయో అలాగే" అన్నాడు మేనేజర్. అంతకంటే సరైన జవాబు ఎవరికీ తోచలేదు. చప్పట్లు కొట్టారు. చిన్నది కూడా కొట్టింది, చేతులకి పౌడర్ ఉండటంవల్ల చప్పుడు రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. అమ్మ గరిటె పక్కన పెట్టేసి వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది.

"అంటే ఇక వాళ్ళ ఫోనూ మన ఫోనూ ఒకటేనా?" అన్నాడు నాన్న.

"ఒకటే నాన్నా."

"మరి దేనికోసం నేను దాన్ని..." అని, సగంలో ఆపేసి, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన కళ్ళజోడే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

చిన్నది ఆ రోజే అనేసుకుంది. ఆ సాయంత్రం అయ్యేలోపు వెళ్ళాలి. ఇంకో బస్సెక్కాలి, ఎన్ని బస్సులైనా ఎక్కాలి. తర్వాత వెతకడానికి ఏమీ మిగలదు. మర్నాడు పొద్దున్నే మేనేజర్‌ని సెలవడిగింది.

"లాంచ్ రోజా? అమ్మా, ఆ రోజు నాకు సెలవు ఇప్పించగలిగితే చెప్పు, ఇద్దరం పోదాం" అన్నాడాయన.

*

లాంచ్ రోజు పొద్దున చిన్నది ఫోనుని రుమాల్లో చుడుతుంటే నాన్న కుర్చీలోంచి అడిగాడు.

"ఎక్కడికది?"

"షాపుకి. మధ్యాహ్నం అటునుంచి అటే వెళ్తా. సెలవివ్వలేదు. పోతే పోయింది ఉద్యోగం."

వద్దంటాడేమో అనుకుంది. ఆయన పళ్ళెం వంక, అందులో ఫోను లేని పౌడర్ వంక చూశాడు.

"స్క్రీను పాతది. గట్టిగా పట్టుకోకు" అన్నాడు.

అమ్మ గుమ్మం దాకా వచ్చింది. "కనిపిస్తే ఏమంటావే?"

"తెలీదమ్మా."

"ఏమీ అనకు. పక్కన కూర్చో చాలు."

షాపు బయట క్యూ వీధి మలుపు దాటిపోయింది. తలుపులు తీయగానే జనం నీళ్ళలా వచ్చిపడ్డారు. చిన్నది పౌడర్ రాయడం, ఫోను పెట్టడం, డబ్బాలో వెయ్యడం, మళ్ళీ రాయడం. ఇవాళ మర్చిపోయేదాకా ఆగనక్కర్లేదని పైనుంచి ఆర్డరు. సాయంత్రానికి అన్నీ ఎలాగూ మర్చిపోతాయి. డబ్బాలో ఫోన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ తలలు తిప్పుకుంటున్నాయి, గిలగిలమని చప్పుడు. వాటి మీద గుడ్డ కప్పేసింది.

భోజనం వేళకి పక్క కౌంటరు కుర్రాణ్ణి కాసేపు చూడమని చెప్పి, బ్యాగు తీసుకుంది. వెళ్ళే ముందు ఎటు వెళ్ళాలో ఒకసారి చూసుకుందామని, అక్క ఫోనుని బల్ల చివర పెట్టింది. ఇంట్లో వంటింటి గోడంటే, షాపులో లెక్కకి వెనక స్టోరు గది అవ్వాలి.

ఫోను స్టోరు గది వైపు తిరగలేదు. అద్దాల తలుపు వైపు తిరిగింది.

పౌడర్ ఉండ కట్టిందేమో అనుకుంది. మళ్ళీ రాసి, రుమాలుతో పట్టుకుని వెనక్కి తిప్పి పెట్టింది. అది తొందర తొందరగా, ఎవరో పిలిచినట్టు, మళ్ళీ తలుపు వైపే తిరిగింది. బయట క్యూ ఉంది. గొడుగులు, టోపీలు, చేతులడ్డం పెట్టుకున్న మొహాలు.

చిన్నది బ్యాగు కింద పెట్టి కూర్చుండిపోయింది.

తలెత్తి చూడొచ్చు. లేచి తలుపు దాకా వెళ్ళొచ్చు. చూస్తే, కాకపోతే? పిలిస్తే, వెనక్కి తిరిగి వెళ్ళిపోతే? "తర్వాత వాళ్ళు రండి" అంది. ఒకరొచ్చారు, వెళ్ళారు. బల్ల చివర ఫోను ఒక్క పిసరు ఇటు జరిగింది. ఇంకొకరొచ్చారు. ఇంకో పిసరు. క్యూ కదిలినప్పుడల్లా అది కదులుతోంది, క్యూ ఆగినప్పుడల్లా ఆగుతోంది. ఒకాయన పాత ఫోను తిరుగుడు చూపిస్తూ భార్యతో ఏదో సరసమాడాడు. ఒకావిడ బిల్లు తప్పని పేచీ పెట్టుకుంది, ఆవిడ పేచీ తెగేసరికి చిన్నదానికి ప్రాణం పోయినంత పనయింది. తల మాత్రం ఎత్తలేదు. పౌడర్‌నే చూస్తూ కూర్చుంది. తలుపు దగ్గర ఎండ మెత్తబడింది.

అక్క ఫోను ఇప్పుడు నేరుగా కౌంటరు ముందుకే చూస్తోంది.

ఒక చెయ్యి వచ్చి గాజుబల్ల మీద ఏదో పెట్టింది. రుమాల్లో చుట్టి ఉంది. ఆ చెయ్యి ముడి విప్పి, రుమాలు కొసలతోనే, ఫోనుని ముట్టుకోకుండా బల్ల మీదికి దొర్లించింది.

అదే మోడలు, అదే రంగు. ఇచ్చిన మనిషి వైపు ఆ ఫోను చూడనే లేదు. పౌడర్ మీద సర్రున జారి, బల్ల అంచు దాటి, చిన్నదాని ఒళ్ళో పడింది.

"ఎక్స్‌ఛేంజా?" అంది చిన్నది, తలెత్తకుండానే. అలవాటు ప్రకారం వచ్చేసింది ఆ మాట.

"కాదండి. ఇది నాది కాదు. పొరపాటున తీసుకెళ్ళాను. ఇచ్చేద్దామని వచ్చాను."

అండీ అంటోంది. అప్పుడు చూసింది చిన్నది. అక్క కాస్త చిక్కింది. జుట్టు కత్తిరించుకుంది. అంతే.

"చెయ్యి తగలనిచ్చావా దీనికి?"

"ఆ మొదటి రోజు తప్ప లేదు. చార్జింగు పెట్టేటప్పుడు కూడా రుమాలే. మూడేళ్ళూ నా గదిలో ఇటే చూస్తూ కూర్చుంది, నన్ను పట్టించుకుంటే ఒట్టు. ఇవాళ సాయంత్రంతో అయిపోతుందన్నారు. పొద్దున్నే దాని తల ఎటుంటే అటు బయల్దేరా."

"అదెందుకు? ఇంటికి దారి నీకు తెలీదా?"

"దారి తెలుసే. ఏం చెప్పి రావాలో తెలీదు. ఫోను నీదేనని ఇంకా అదే చూపిస్తోంది కదా, ఇవ్వడానికొచ్చానని చెప్పొచ్చు. రేపట్నుంచి ఇది ఎవరిదీ కాదు. ఆ సాకు కూడా ఉండదు."

వెనకాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, లైను కదిలేదేమైనా ఉందా, మేం వంట ఇక్కడే చేసుకోవాలా?"

మేనేజర్ పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ప్రాబ్లం?"

"ప్రాబ్లం కాదు సార్. అక్క."

ఆయన ఒకప్పుడు నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడే. బల్ల వంక చూశాడు. చిన్నది ఒళ్ళోంచి తన ఫోను తీసి అక్క ఫోను పక్కన పెట్టింది. అక్క ఫోను అక్క వైపు, చిన్నదాని ఫోను చిన్నదాని వైపు, ఒకదానికొకటి వీపు పెట్టుకుని, తలలు చెరోవైపు చాచాయి. ఆయన పౌడర్ డబ్బా అందుకున్నాడు.

"నువ్వు బయల్దేరు. ఇది నేను రాస్తాలే."

వాళ్ళు తలుపు దాటేలోపే వెనక ఒక ఫోను నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. పౌడర్ ఎక్కువేసి ఉంటాడు.

*

ఇంటి మెట్ల దగ్గర అక్క ఆగింది.

"నా బ్యాగులో ఆఫీసు ఫోనుంది. వాళ్ళది."

"నాన్న చేత్తో పట్టుకుని రావద్దన్నాడు. బ్యాగులో అనలేదు."

"నువ్వు లాయరువి కావాల్సిందే."

"పౌడరమ్మాయిని అయ్యాను. పద."

తలుపు దగ్గరకే వేసి ఉంది. తోసింది చిన్నది. వంటింటి గోడకి ఎదురుగా ఉండాల్సిన నాన్న కుర్చీ అక్కడ లేదు. గది మధ్యకి లాక్కుని, వీధి గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడాయన. పళ్ళెంలో ఫోను లేదు, ఎటు చూడాలో చెప్పేవాళ్ళు లేరు, అయినా పొద్దున్నుంచీ అటే చూస్తున్నాడని ఆయన మెడ చూస్తేనే తెలుస్తోంది.

లేవబోయి లేవలేకపోయాడు. అక్క గడప అవతలే నిలబడింది.

"చెల్లి ఫోను నా దగ్గరుండిపోయింది నాన్నా. ఇచ్చేద్దామని."

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశా."

"మరి ఇంకా అక్కడే నిలబడ్డావేం? దోమలొస్తాయి. లోపలికి రా."

అక్క లోపలికొచ్చింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి, చూసి, ఏమీ అనకుండా పక్కన కూర్చుంది. తర్వాత నాన్న, ఎవరినీ చూడకుండా, "ఏదీ, ఆ మీ... ఆ కంపెనీ ఫోను ఒకసారి చూపించు. బరువెంతుంటుందో చూద్దాం" అన్నాడు. అక్క బ్యాగులో చెయ్యి పెట్టి వెతుకుతూ, మొహం కనపడకుండా చాలాసేపు వెతుకుతూనే ఉంది.

చిన్నది రెండు ఫోన్లనీ పళ్ళెంలో పెట్టింది. బయట వీధిలైట్లు వెలిగాయి. అమ్మ కంచాలు తెచ్చి, చోటు చాలక, పళ్ళేన్ని మోచేత్తో పక్కకి జరిపింది. ఫోన్లు రెండూ జారి బల్ల మీదికొచ్చాయి. వాటిని ఒట్టి చేత్తోనే తీసి, ఉప్పుడబ్బా పక్కన పడేసింది.

పడేసిన చోటే అవి ఉండిపోయాయి. ఎటు తిరిగి ఉన్నాయో ఎవరూ చూడలేదు.